ద్రాక్షారామంలో యంత్రం – విశాఖలో తెర

దూరాన వున్న యంత్రాన్ని తీగ మీదుగా పనిచేయించటమనేది నిన్న మొన్నటి ఆలోచన కాదు. 1940 సెప్టెంబరులో జార్జి స్టిబిట్జ్ అనే గణితజ్ఞుడు అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జరిగిన గణిత సభలో ఒక టెలిటైపు యంత్రాన్ని పెట్టి, న్యూయార్కులోని బెల్ లాబొరేటరీస్ లెక్కల యంత్రం చేత సంకీర్ణ సంఖ్యల లెక్కలు చేయించాడు. ప్రశ్న సభలో టైపు చేశారు, జవాబు సభలోనే అచ్చయింది. లెక్క జరిగింది మాత్రం న్యూయార్కులో. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని, మెన్లోపార్కులో వున్న కంప్యూటరును మౌసుతో నడిపి సుమారు వెయ్యిమంది విద్వాంసుల ఎదుట చూపించాడు. యీ రెండు ప్రయోగాల సంతానమే యీనాడు మనం 'రిమోట్ డెస్క్‌టాప్' అంటున్నది.

మా యిల్లు ద్రాక్షారామంలో. నా చదువు విశాఖపట్నంలో. భీమేశ్వరాలయ శాసనాల మీద నేను తయారు చేసుకుంటున్న నోట్సు, నాన్నగారి కౌలు లెక్కలు, అమ్మ మందుల చీటీల నకళ్లు – యివన్నీ యింటి దగ్గరి పెద్ద కంప్యూటరులోనే వున్నాయి. మన కాలేజీలో యిటువంటి అవసరం వున్న విద్యార్థులు చాలామంది వున్నారు. వారికోసం యీ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో, ఎట్లా ఏర్పాటు చేసుకోవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో స్థూలంగా వివరించటమే యీ వ్యాసం ఉద్దేశం.

అసలు జరిగేదేమిటి?

ద్రాక్షారామం వచ్చినవారికి తెలుసు – స్వామివారి లింగం రెండంతస్తుల ఎత్తు. మూలం కింద వుంటుంది, అభిషేకం పైన జరుగుతుంది. పైనా కిందా వున్న స్వామి ఒక్కడే. మన విషయమూ యిట్లాంటిదే అనుకోండి. ఫైళ్లు, ప్రోగ్రాములు, లెక్కలు అన్నీ యింటి దగ్గరి యంత్రంలోనే నడుస్తాయి. ఆ యంత్రం తెర మీద కనబడే బొమ్మ మాత్రం విశాఖలోని లాప్‌టాప్‌కు వస్తుంది. మనం నొక్కిన మీటలు, మౌసు కదలికలు అటు వెళతాయి.

బొమ్మ మొత్తాన్ని పంపాలంటే ఎంత భారమో లెక్కవేసి చూద్దాం. తెరకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్లు. ఒక్క బొమ్మకే 62 లక్షల బైట్లు దాటుతుంది. సెకనుకు 30 బొమ్మలంటే 18 కోట్ల 66 లక్షల బైట్లు. మామూలు యింటి కనెక్షను దీన్ని మోయలేదు. అందుకని మారిన భాగాన్ని మాత్రమే, అదీ కుదించి పంపుతారు. వర్డులో ఒక అక్షరం కొడితే ఆ అక్షరం చుట్టూ వున్న చిన్న ముక్క మాత్రమే వస్తుంది. నెమ్మదైన లైను మీద కూడా టైపు చేసుకోగలగటం, అదే లైను మీద సినిమా చూడబోతే గిలగిల్లాడటం – రెండిటికీ కారణం యిదే.

యింకొక హద్దు కాంతివేగం. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డల్లాస్‌లో వున్న మన గోదావరి కుర్రాడికీ అతని యింటికీ మధ్య దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా వున్నా పోవటానికి 70, రావటానికి 70 – మొత్తం 140 మిల్లీసెకన్లు. నిజానికి తీగ వంకరలు తిరిగి పోతుంది కాబట్టి యింకా ఎక్కువే. ఎంత డబ్బు పోసినా యీ ఆలస్యం పోదు. విశాఖ నుంచి అయితే పట్టించుకోనక్కర లేదు.

తలుపు ఎక్కడ వుంది?

చాలామంది యిక్కడే ఆగిపోతారు. యింట్లో కంప్యూటరుకు 192.168తో మొదలయ్యే అడ్రసు వుంటుంది. అది యింటి లోపల చెల్లే అడ్రసే. 'పెద్దబ్బాయి గది' అని చెబితే యింట్లోవాళ్లకు తెలుస్తుంది గాని పోస్టుమానుకు తెలియదు గదా! బయటి ప్రపంచానికి కనబడేది రూటరు అడ్రసు. పాత పుస్తకాల్లో చెప్పే ఉపాయం ఏమిటంటే, బయటి నుంచి వచ్చినవారిని లోపలి కంప్యూటరుకు పంపమని రూటరుకు చెప్పటం. దీన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు.

యీ ఉపాయానికి రెండు చిక్కులున్నాయి. మొదటిది: అడ్రసుల కొరత వల్ల అనేక కంపెనీలు వందలాది యిళ్లకు కలిపి ఒకే బయటి అడ్రసు వాడుతున్నాయి. మీ రూటరు పేజీలో కనబడే బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 లోపల మొదలయితే మీదీ ఆ కోవలోనిదే. అప్పుడు మీ రూటరుకు ఎన్ని ఆజ్ఞలు యిచ్చినా లాభం లేదు. వీధి గుమ్మం మీ చేతిలో లేదు.

రెండవది మరీ ముఖ్యం. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ 3389 అనే ద్వారం వాడుతుందని లోకమంతటికీ తెలుసు. ఆ ద్వారం తెరిచి వుంచిన యంత్రాల కోసం రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రాములున్నాయి. 2019 మే నెలలో 'బ్లూకీప్' అనే లోపం బయటపడింది. పాస్‌వర్డు తెలియకపోయినా లోపలికి జొరబడే వీలున్న లోపం అది. అప్పటికే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసిందంటే దాని తీవ్రత ఊహించవచ్చు. కాబట్టి 3389ను వీధిలోకి తెరవకండి. యిది సలహా అనుకోవద్దు, నియమం అనుకోండి.

ఏర్పాటు చేసే పద్ధతి

ఆ రెండు చిక్కులూ లేని మార్గం – రెండు యంత్రాల మధ్య సంకేతబద్ధమైన సొంత సొరంగం వేసుకోవటం. 'వైర్‌గార్డ్' అనే పద్ధతి 2020లో లినక్స్ మూలంలోనే చేరింది. దాని ఆధారంగా నడిచే 'టెయిల్‌స్కేల్' వంటివి కొత్తవారికి సులువు. నేను వాడేదీ అదే. వరుస క్రమం యిది:

1. యింటి కంప్యూటరులో వున్నది విండోస్ ప్రో రకమా, హోమ్ రకమా చూసుకోండి. హోమ్ రకం బయటివారిని రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి తీసుకోదు. హోమ్ అయితే 'క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్' వాడుకోవచ్చు. దానికి సొరంగం పని లేదు, అంకెల పిన్ను పెట్టుకుంటే చాలు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

2. సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయండి. మీ ఖాతాకు గట్టి పాస్‌వర్డు వుండాలి. పాస్‌వర్డు లేని ఖాతాను అది రానివ్వదు. తెర దగ్గర కొట్టే నాలుగంకెల పిన్ను కూడా యిక్కడ చెల్లదు.

3. రెండు యంత్రాల్లోనూ టెయిల్‌స్కేల్ పెట్టి, ఒకే ఖాతాతో ప్రవేశించండి. ఆ ఖాతాకు రెండంచెల పరీక్ష తప్పనిసరి.

4. యింటి యంత్రంలో 'రన్ అనటెండెడ్' అనేదాన్ని ఎంచుకోండి. ఎవరూ లాగిన్ కాకపోయినా సొరంగం నడవటానికి యిది కావాలి. కొన్ని నెలలకు తాళం గడువు తీరి నడి సెమిస్టరులో దారి మూసుకుపోకుండా, యింటి యంత్రానికి గడువు తీసివేయండి.

5. కంప్యూటరు నిద్రపోకుండా పవర్ సెట్టింగు మార్చండి.

6. కరెంటు సంగతి. మన వూళ్లలో యిది అసలు పరీక్ష. కంప్యూటరు బయాస్‌లో 'కరెంటు తిరిగి రాగానే దానంతటదే మొదలవ్వు' అనే అర్థం వచ్చే ఎంపిక చాలావాటిలో వుంటుంది. అది పెట్టుకోండి. రూటరు, ఫైబరు పెట్టె రెండిటినీ ఇన్వర్టరు మీద వుంచండి.

7. యిల్లు విడిచే ముందే పరీక్షించండి. లాప్‌టాప్‌ను యింటి వైఫై నుంచి తీసి, సెల్‌ఫోను డేటా మీద పెట్టి ప్రయత్నించండి. తరువాత మెయిను ఆపి, వేసి మళ్లీ ప్రయత్నించండి. యీ రెండూ గట్టెక్కితేనే బస్సెక్కండి.

యింట్లోవారి సంగతి

యంత్రం గురించి యింత చెప్పి మనుషుల గురించి చెప్పకపోతే పాఠం సగమే. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో మనం ప్రవేశించగానే యింటి దగ్గరి తెరకు తాళం పడుతుంది. నాన్నగారు కౌలు లెక్క రాసుకుంటూండగా అట్లా జరిగితే ఆయన కంగారుపడతారు. క్రోమ్ పద్ధతిలో అయితే మౌసు తనంతట తాను తిరుగుతూ కనబడుతుంది. అదీ భయమే. అందువల్ల మా యింట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ముందు ఫోను చేసి, "నాన్నా, నేను వస్తున్నాను" అని చెప్పాకనే ప్రవేశిస్తాను. యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులో జొరబడటం 2000 నాటి ఐ.టి. చట్టం 43వ సెక్షను కిందికి వస్తుంది. దురుద్దేశం కూడా తోడైతే 66వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు. చట్టం మాట అట్లా వుంచి, కన్నవారి గదిలోకి వెళ్లేటప్పుడు తలుపు తట్టటం మర్యాద గదా.

యీ కట్టుబాటు వల్ల మరో గొప్ప లాభం వుంది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని చెప్పి, వృద్ధుల చేత యిటువంటి ప్రోగ్రామే పెట్టించి, వారి డబ్బు కాజేసే ముఠాలు బయలుదేరాయి. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు యీ రకం మోసం గురించి హెచ్చరించింది. పనిముట్టులో దోషం లేదు. కత్తిపీట కూరకూ పనికొస్తుంది, వేలునూ తెగ్గోస్తుంది. మనం యింట్లో యిది పెట్టిన రోజునే అమ్మకూ నాన్నకూ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: "నేను తప్ప ఎవరు అడిగినా కోడు చెప్పవద్దు. నా పేరు చెప్పి అడిగినా సరే, నా నంబరుకు తిరిగి ఫోను చేసి నా గొంతు వినండి." మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారుతుంది.

చివరి మాట

దూరం నుంచి చూడగలుగుతున్నాం గదా అని ఫైళ్లకు రెండో నకలు అక్కరలేదనుకోవటం పొరపాటు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఏం చేసిందో మన పెద్దలకు తెలుసు. 2025 అక్టోబరులో మొంథా తుపాను కూడా మన తీరానే దాటింది. స్తంభం పడితే దాని మీది తీగా పడుతుంది. యింట్లోకి నీరొస్తే యంత్రమే పోతుంది. ముఖ్యమైనవాటి నకలు ఒకటి మరో వూళ్లో వుంచుకోండి.

వచ్చే సెలవుల్లో యింటికి వెళ్లే మిత్రులు ఒక పూట కేటాయిస్తే యీ పని అయిపోతుంది. అందులో ఒక గంట యంత్రానికి చాలు. మిగిలిన సమయం అమ్మానాన్నల పక్కన కూర్చుని, మనం ఏం పెట్టామో, దాన్ని ఎట్లా ఆపాలో వారి చేత చేయించి చూపించటానికి వినియోగించండి. ఆపటం వారికి తెలిసినప్పుడే ఆ తలుపు వారి యింటి తలుపు అవుతుంది.