భామాకలాపం: చిత్రీకరణల తులనాత్మక పరిశీలన

కూచిపూడి నృత్యనాటకములలో భామాకలాపానిది విశిష్టస్థానం. సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధమైన ఈ కలాపంలో కథ స్వల్పం. శ్రీకృష్ణునితో కలహించిన సత్యభామ, ఎడబాటునకు తాళలేక, చెలికత్తె మాధవి ద్వారా లేఖ పంపుతుంది. ఉర్దూ గజళ్లు చదివే మన విద్యార్థులకు ఈ సన్నివేశం కొత్తది కాదు. అక్కడి ‘ఖాసిద్’ చేసే దౌత్యమే ఇక్కడ మాధవిది. అయితే ఖాసిద్ సాధారణంగా మారుమాట పలుకడు. మాధవి పలుకక మానదు.

నేడు దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్.బి.నగర్‌లోనో మెట్రో ఎక్కిన విద్యార్థికి చేతిలోని ఫోనులోనే పలువురి భామాకలాపములు లభిస్తున్నవి. వెంటనే ‘ఏది మేలు?’ అని తీర్పు చెప్పుట మన అలవాటు. అంతకు ముందు వేయవలసిన ప్రశ్న వేరొకటున్నది: ఇందులో దేనిని తగ్గించినారు?

మొదట వేదాంతం సత్యనారాయణ శర్మగారి చిత్రీకరణలు చూడవలెను. 1970లో పద్మశ్రీ పొంది, 2012లో పరమపదించిన ఈయన పురుషులే స్త్రీపాత్రలు ధరించే పాతమార్గానికి చెందినవారు. సత్యభామ ముఖం చూపకముందే తెరమీదుగా జడ వేయుట ఈ మార్గపు ఆనవాయితీ. సత్యభామ ఎదుట మాధవిగా, కృష్ణుని ఎదుట మాధవుడుగా వ్యవహరించువాడు సూత్రధారుడే. నాథుని పేరేమని మాధవి గుచ్చిగుచ్చి అడుగుట, పేరు చెప్పలేక భామ సిగ్గుపడుట, రాయబారానికి ప్రతిఫలంగా మాధవి ముక్కెర కోరుట, ఇవన్నీ మాటల మీద నడిచే ఘట్టములు. అక్కడ కాళ్లు నిలిచిపోయి తెలుగు ఆడుతుంది.

1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యంగారు ఈ ఇతివృత్తాన్నే ‘శ్రీకృష్ణ పారిజాతం’గా ఆధునిక రంగస్థలానికి అనుగుణంగా దిద్దినారు. ఆయన శిష్యురాలు, మన నగరంలో ఎందరికో నాట్యం నేర్పిన శోభానాయుడు (1956–2020) సత్యభామ పాత్రతో కీర్తి గడించినారు. అడుగుల శుద్ధి, నిర్వహణలోని బిగువు ఇక్కడ మెచ్చదగినవి. సంభాషణకు మాత్రం చోటు తగ్గినది.

ఇక్కడొక చిత్రమున్నది. పురుషుల కలాపం ఈ విధంగా స్త్రీల చేతికి రాగా, పిఠాపురం ప్రాంతపు కళావంతులు తొమ్మిది రాత్రులు ఆడిన నవజనార్దన పారిజాతాన్ని నటరాజ రామకృష్ణగారి కృషి ఫలితంగా ఆయన శిష్యుడు కళాకృష్ణ స్త్రీవేషంలో అభినయించినారు. వేషధారి స్త్రీయా, పురుషుడా అను వాదంతో కాలం వెచ్చించువారు ఈ రెండింటినీ పక్కపక్కన చూచుట మంచిది.

ఇక పోటీలలో ఆడే పదినిమిషాల ప్రవేశదరువు సంగతి. అందులో మాధవియే లేదు! లేఖను మోయువారు లేరు, భామను నిలదీయువారు లేరు. భాష తెలియని దేశంలోనూ నాట్యం చెల్లుతుంది కనుక మొదట కోతపడినది మాటయే. తెలుగు బోధించువానికి ఇది చిన్న నష్టంగా తోచదు. గోలకొండ సుల్తాన్ అబుల్ హసన్ తానాషా మెచ్చి కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చినాడని ప్రతీతి గల భాగవతుల ఆటలో మాట, పాట, ఆట విడదీయరానివి.

కెమెరాను కూడా కొంత అనుమానించవలసినదే. ముఖాన్ని దగ్గరగా చూపినప్పుడు పాదములు కనబడవు; దూరం జరిగితే కంటిచూపు అందదు. రవీంద్రభారతిలో కలాపం ఉన్న రోజున లకిడీకాపూల్ వరకు మెట్రోలో వెళ్లిరావచ్చును, మధ్యలో రైలు మారనక్కరలేదు. వీలుపడనివారు లేఖాఘట్టమొక్కటి మూడు చిత్రీకరణలలో చూచి, పాత్రధారులు పలికిన ప్రతి మాటను కాగితంపై వ్రాసికొనవలెను. ఏ కాగితం ఖాళీగా మిగిలినదో దాని పక్కన ఆ ప్రదర్శన నిడివిని కూడా గుర్తించవలెను.