హెచ్.ఐ.వి. లింఫోమా: జంట చికిత్స

హెచ్.ఐ.వి. సోకిన దేహమున రోగనిరోధక కణములైన సీడీ4 కణములు క్షీణింపగా, అంతవరకు సుప్తముగానున్న ఎప్‌స్టీన్-బార్ వైరస్ విజృంభించుటచేతను, బి-లింఫోసైట్లు నిరంతర ప్రేరణమునకు లోనై అదుపుదప్పి వృద్ధిచెందుటచేతను, నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా జనించుట కలదు. కపోసీ సార్కోమా, గర్భాశయ ముఖద్వార క్యాన్సరులతోపాటు దీనిని ఎయిడ్స్ నిర్ధారక వ్యాధులలో పరిగణింతురు.

కీమోథెరపీ మోతాదు పెంచినచో రోగి అంటువ్యాధులకు ఆహుతియగుటయు, తగ్గించినచో కణితి ప్రబలుటయు ఒకనాటి వైద్యులకు ఉభయసంకటమై యుండెను. 1996 ప్రాంతమున బహుళ ఔషధ సమ్మేళనము వాడుకలోనికి వచ్చి వైరస్‌ను అణచగలిగిన పిమ్మటనే, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోన్‌లను పూర్తి మోతాదున ఇచ్చుట సుసాధ్యమయ్యెను. కణితి కణములపై సీడీ20 ప్రోటీన్ ఉన్నచో రిటుక్సిమాబ్‌ను జోడింతురు; ఈపాక్ అను పద్ధతియందు కొన్ని మందులను 96 గంటలు ఎడతెగక సిరలోనికి ఎక్కింతురు.

అయితే ఏ రెండు మందులు పొసగునో ఎరుగుటయే ఇందలి అసలు విద్య. హెచ్.ఐ.వి. చికిత్సయందు వాడు రిటోనావిర్, కోబిసిస్టాట్‌లు కాలేయమందలి సీవైపీ3ఏ4 ఎంజైమును నిరోధించుటచే విన్‌క్రిస్టిన్ రక్తమున పేరుకొని నరములను దెబ్బతీయును. 1987లో అమెరికాయందు ఆమోదము పొందిన తొలి హెచ్.ఐ.వి. ఔషధమైన జిడోవుడిన్, ఎముక మజ్జను అణచును గనుక, ఇచట వర్జ్యము. కావుననే డోలుటెగ్రావిర్ వంటి ఇంటిగ్రేజ్ నిరోధకములకు నేడు ప్రాధాన్యము లభించినది. వైరస్ అణగియున్నను కీమోథెరపీచే సీడీ4 సంఖ్య తగ్గును గనుక, న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండుటకై కోట్రైమోక్సజోల్‌ను ముందుగానే ఇత్తురు.