గొంతు దాచుకోకు బిడ్డా

జహీరాబాద్

బిడ్డా,

నువ్వు పంపిన రికార్డింగ్ విన్నాను. విన్నాక తీసేయమని కింద రాశావు కదా, తీసేయలేదు. హాస్టల్ గదిలో ఫ్యాన్ చప్పుడు, దాని వెనకాల ఎక్కడో నీ గొంతు. చరణం పైకి వెళ్లే చోట ఎవరో తలుపు తీసినట్టున్నారు, అక్కడితో పాట ఆగిపోయింది. ఆ తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

పాడాలంటే సిగ్గు, పాడితే గొంతు నొప్పి, ముందు దేని సంగతి చూడాలి పెద్దమ్మా అని అడిగావు. ఆ రికార్డింగ్ విన్నాక నాకు రెండూ ఒకటే అనిపించింది. పక్కవాళ్లు వింటారేమోనని గొంతు తగ్గిస్తున్నావు. తగ్గించడం తప్పు కాదు, తగ్గిస్తున్న పద్ధతే తప్పు. నోరు సగమే తెరుస్తున్నావు, దవడ బిగిస్తున్నావు, ఊపిరి ఛాతీలోనే ఆపేస్తున్నావు. కింది నుంచి గాలి సరిగా అందకపోతే స్వరం నిలబెట్టే పని అంతా గొంతు కండరాల మీదే పడుతుంది. మన స్వరతంత్రులు ఎంతుంటాయనుకున్నావు? పెద్దయిన ఆడవాళ్లకు కూడా ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గరే. ఐదు శ్రుతిలో తారస్థాయి షడ్జమం పట్టుకున్నావంటే అవి సెకనుకు దాదాపు 390 సార్లు తాకి విడిపోతాయి. అంత సన్నని వాటిని నొక్కిపట్టి పాడిస్తే నొప్పి పుట్టక ఏమవుతుంది?

ఇంకో సంగతి. నువ్వు పాడింది సుశీలమ్మ పాట. కరోకే ట్రాక్ పెట్టుకుని ఆమె శ్రుతిలోనే పాడావు. ఆమె 1935లో విజయనగరంలో పుట్టారు, చిన్ననాడే శాస్త్రీయంగా నేర్చుకున్నారు, మద్రాసు స్టూడియోల్లో దశాబ్దాల పాటు పాడారు. ఆమె గొంతుకు కుదిరిన శ్రుతి నీ గొంతుకు ఇవాళే కుదరాలని ఎక్కడుంది? ఫోన్‌లో తంబూరా యాప్ ఉంటుంది, అది పెట్టుకో. మామూలుగా మాట్లాడే గొంతుతో స అను. మంద్ర పంచమం దాకా దిగగలగాలి, పైన తార గాంధారం దాకా మెడ నరాలు తేలకుండా ఎక్కగలగాలి. ఆడపిల్లలకు మామూలుగా ఐదు, ఐదున్నర, ఆరు దగ్గర కుదురుతుంది. నీకు నాలుగున్నర అయితే నాలుగున్నరే. తన శ్రుతి దొరికిన పిల్లకు సగం బెరుకు అక్కడే తీరిపోవడం నేను చాలామందిలో చూశాను. ఎందుకంటే పై స్వరం దగ్గర గొంతు జీరపోతుందేమోనన్న భయం ఇక ఉండదు.

నీ గొంతు రికార్డింగ్‌లో పిల్లి గొంతులా ఉందని రాశావు. ఎవరి గొంతు వాళ్లకు అట్లాగే వినిపిస్తుంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు గాలిలోంచే కాదు, తల ఎముకల గుండా కూడా చెవికి చేరుతుంది. ఆ దారిలో కింది ధ్వనులు బాగా అందుతాయి కాబట్టి మన గొంతు మనకు నిండుగా వినిపిస్తుంది. ఫోన్‌లో ఆ భాగం ఉండదు. అందుకే పలచగా, పరాయిగా అనిపిస్తుంది. నీ స్నేహితురాళ్లు రోజూ వినేది ఆ ఫోన్‌లో ఉన్న గొంతునే, వాళ్లకు అందులో వింతేమీ లేదు. అలవాటు పడాల్సింది నువ్వొక్కదానివే.

అట్లా అలవాటు పడినవాళ్లు మన పక్కనే ఉన్నారు. మాచ్నూర్ సంఘం రేడియో నీకు తెలుసు, 90.4. చిన్నప్పుడు మీ అమ్మమ్మ ఇంట్లో విన్నావు కూడా. అది 2008 అక్టోబర్ 15న మొదలైంది. పల్లె ఆడవాళ్లు తామే నడిపే రేడియో దేశంలో అంతకుముందు లేదు. స్టూడియో చూసుకున్నవాళ్లు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత కుటుంబాల ఆడబిడ్డలే. అయితే నీకు చెప్పాలనుకున్నది ఆ రోజు గురించి కాదు, దానికి ముందు గడిచిన పదేళ్ల గురించి. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990ల చివరి నుంచే రికార్డింగ్ చేస్తూ ఉన్నారు. యునెస్కో సాయం అందింది, పరికరాలు వచ్చాయి, ప్రసారం చేయడానికి అనుమతే లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చన్న విధానం 2006లో గానీ రాలేదు. అన్నాళ్లూ వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పాటలు, ముచ్చట్లు క్యాసెట్లలో నింపి, ఊళ్లలో సంఘం మీటింగులకు పట్టుకుపోయి వినిపించారు. ఎదురుగా కూర్చున్నది తమవాళ్లే. తమ గొంతు టేపులో ఎట్లా ఉంటుందో వాళ్లు ముందు అక్కడ, ఆ పదిమంది మధ్య విన్నారు. రేడియో గాలిలోకి వచ్చేనాటికి మైకు వాళ్లకు కొత్త కాదు.

వాళ్లు పాడేవి విత్తనం వేస్తూ, కలుపు తీస్తూ, జొన్న కోస్తూ, విసుర్రాయి తిప్పుతూ పాడుకున్న పాటలే. తెలుగులో కన్నడం, ఉర్దూ కలిసిన మన జహీరాబాద్ మాటతోనే పాడతారు, పట్నం యాస కోసం నోరు తిప్పుకోరు. మాట్లాడే గొంతు దగ్గరే శ్రుతి పెట్టుకుంటారు, మాట మాట విడిగా వినిపిస్తుంది. ఇది నేర్చుకో. వాళ్ల గట్టితనం మాత్రం ఇప్పుడే పట్టుకోకు. ఏళ్ల తరబడి ఆరుబయట పాడిన గొంతులు అవి, నీది ఇంకా కుదురుకుంటున్న గొంతు.

అవును, నీ వయసులో ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది. మగపిల్లలకైతే బయటికి తెలుస్తుంది గనక అందరూ దాని గురించే మాట్లాడతారు. ఆడపిల్లలకు స్వరతంత్రులు వెనక వైపు పూర్తిగా మూసుకోక కొన్నాళ్లు స్వరంలో గాలి కలుస్తుంది. నీ పాటలో వినిపించిన గాలి అదే కావచ్చు. దాన్ని పోగొట్టాలని బిగించి పాడకు. నెలసరి ముందు రోజుల్లో స్వరతంత్రులు కొంచెం ఉబ్బి గొంతు బరువుగా ఉండొచ్చు, అప్పుడు పై స్వరాల జోలికి పోకు. ఇది సిగ్గుపడే సంగతి కాదు, పాడేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి.

ఇక సాధన. హాస్టల్లో గట్టిగా పాడే వీలు లేదని బెంగపడకు. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా ముంచి, బుడగలు వస్తుండగా స్వరం పలుకు. కిందికి, పైకి మెల్లగా జార్చు. పెదవుల దగ్గర దారి ఇరుకైతే ఆ ఒత్తిడి వెనక్కి తగిలి స్వరతంత్రులు గట్టిగా కొట్టుకోకుండా కాపాడుతుంది. అమెరికాలో ఇంగో టిట్జ్ అనే శాస్త్రవేత్త ఈ స్ట్రా పద్ధతి మీదే ఎంతో పని చేశాడు. పక్క మంచం పిల్లకు కూడా నిద్రాభంగం ఉండదు. తర్వాత పెదవులు మూసి మ్... అంటూ సరళీ వరుసలు, మొదటి కాలంలోనే. ఆ తర్వాత అకారం. ఒక్కో విడత ఇరవై నిమిషాలు చాలు, మధ్యలో ఊరుకో. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తెల్లారే నిండు గొంతుతో మొదలుపెట్టకు. మన కోహీర్ వైపు చలి సంగతి నీకు తెలియనిది కాదు, గొంతు కాగడానికి టైం ఇవ్వాలి.

నీళ్లు రోజంతా కొద్దికొద్దిగా తాగుతూ ఉండు. తాగిన నీరు స్వరతంత్రుల మీదుగా పోదు, ఒంట్లో చేరాకే వాటికి తడి అందుతుంది. పాట ముందు సీసా ఎత్తేస్తే లాభం లేదు. మాటిమాటికి గొంతు సవరించుకుంటున్నావు చూడు, అది మానెయ్. ఆ సవరింపులో రెండు తంత్రులూ ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకుంటాయి. గుటక వెయ్, సరిపోతుంది. గొంతు రాసుకుపోయిన రోజు గుసగుసలు కూడా వద్దు, చాలామందికి అందులోనూ ఒత్తిడే. ఊరుకోవడమే మందు. నాగలి పట్టిన అరచేతిలో కాయ కాసినట్టు, రోజూ నొక్కి పాడేవాళ్లకు తంత్రుల మీద చిన్న కాయలు కాస్తాయి. తొందరగా తెలిస్తే విశ్రాంతితో, స్పీచ్ థెరపీతో చాలావరకు తగ్గుతాయి. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల కషాయంతో సరిపెట్టకు, చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి. మీ అమ్మకు కూడా చెప్పాను.

పదిమంది ముందు గుండె దడదడలాడుతుందన్నావు. ఆడుతుంది. బార్బ్రా స్ట్రైసాండ్ అని అమెరికాలో పెద్ద గాయని. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో లక్షకు పైగా జనం ముందు పాట మాటలు మరిచిపోయింది. ఆ భయం ఆమెను చాలా ఏళ్లు వేదికకు దూరం చేసింది. 1994లో మళ్లీ కచేరీల యాత్రకు బయల్దేరినప్పుడు పాట మాటలు కనిపించేలా తెరలు పెట్టించుకుంది. అంతటామెకు తెర ఉన్నప్పుడు నీ చేతిలో కాగితం ఉంటే ఏం? దడ మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే ఎక్కువ. అందుకని కష్టమైన పాటతో మొదలుపెట్టకు. మొదలుపెట్టే ముందు ఊపిరి గట్టిగా పీల్చడం కంటే నెమ్మదిగా, పొడుగ్గా వదలడం మేలు. వదిలాక పీల్పు దానంతటదే కిందికి దిగుతుంది.

ఎవరి ముందు మొదలుపెట్టాలో కూడా చెబుతాను. ఈ వారం నీ పక్క మంచం పిల్ల ఒక్కతే చాలు. తర్వాత గదిలో వాళ్లంతా. దసరా సెలవులకు వస్తావు కాబట్టి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా మన వాకిట్లోనే బతుకమ్మ ఆడదాం. మొదటి రోజులు అందరితో కలిసి ఉయ్యాలో అందుకుంటే చాలు, ఆ గుంపులో నీ గొంతు విడిగా ఎవరికీ వినపడదు. తర్వాత ఒక రోజు మీ అమ్మ చెప్పే పాటలో రెండు వరసలు నువ్వు చెప్పు, మేమంతా అందుకుంటాం. ఏ పాటో నువ్వే ఎంచుకుని రాసుకో, శ్రుతి ఇద్దరం కలిసి చూద్దాం. ఆలోపు ఆ పాత రికార్డింగ్ పాటే నీ శ్రుతిలో, ఫ్యాన్ ఆపేసి, ఇంకోసారి పాడి పంపు.

మీ పెద్దమ్మ