మూలిగిన మోటారు నేర్పిన పాఠము

యంత్రమును విప్పుటకు ముందు ఆలోచింపవలెను. మా ఇంటి వాషింగ్ మెషీను మాకీ పాఠము నేర్పినది.

ఒకనాడు స్విచ్చి వేయగా మోటారు మూలిగినదే గాని తొట్టిలోని చక్రము కదలలేదు. అట్లే వదలినచో మోటారు తీగచుట్టలు కాలిపోవును. కనుక వెంటనే ప్లగ్గు ఊడదీసి, బట్టలు, నీరు తీసివేసితిమి. చక్రమును చేతితో త్రిప్పగా సులువుగా తిరిగినది. అనగా ఏ గుడ్డపీలికయు అడ్డుపడలేదు. వెనుక మూత తీసి చూడగా బెల్టు తెగలేదు, జారలేదు. మూలుగు వినబడినది కనుక మోటారునకు విద్యుత్తు చేరినట్లే. ఇక అనుమానము కెపాసిటరు మీదనే నిలిచినది.

మన ఇండ్లకు వచ్చు సింగిల్ ఫేజు విద్యుత్తుతో ఇట్టి మోటారు తనంత తాను కదలజాలదు. రెండవ తీగచుట్టలోని ప్రవాహమును వేరు దశకు మార్చి, తొలి త్రోపు కలిగించునది కెపాసిటరే.

ప్రమాదము ఇచ్చటనే పొంచియున్నది. ప్లగ్గు తీసినను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండవచ్చును. అందుచే మేము దానిని ముట్టక ఎలక్ట్రీషియనును పిలిచితిమి. అతడు రెసిస్టరు ద్వారా దానిని ఖాళీ చేసి, పరీక్షించి, అదే మైక్రోఫారడు విలువ, తగిన వోల్టేజి గల క్రొత్తదానిని అమర్చెను. చక్రము తిరిగినది.

విద్యార్థి మిత్రులారా! కారణమును వెదకుట విద్య. ఆగవలసిన చోట ఆగుటయు విద్యయే.