అర్ధావభేదకము: అత్యవసర వేళ ఏ మందు మేలు?

తలలో సగభాగమున చీల్చినట్లు పోటు, తలతిరుగుట. పక్షమునకో, పది దినములకో, అకస్మాత్తుగనో ఇది వచ్చునని సుశ్రుతుడు చెప్పెను. నేడు దీనినే మైగ్రేన్ అనుచున్నారు.

స్వల్పమైన నొప్పి చీకటిగదిలో విశ్రాంతిచే శమింపవచ్చును. వాంతులు ఆగనిచో కషాయము గాని, మాత్ర గాని కడుపున నిలువదు. పైగా ఈ వ్యాధిలో జీర్ణాశయపు కదలిక మందగించును; మింగిన మందు ఒంటికి పట్టదు. అప్పుడు ఆసుపత్రిలో ఇంజెక్షనే శరణ్యము.

ఎంత నొప్పికి అంత మత్తుమందు కావలెననుట పొరపాటు. 2017లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 127 మంది రోగులకు రెండు విధముల చికిత్స చేసి పోల్చిరి. వాంతిని అణచు ప్రోక్లోర్‌పెరజైన్‌ను, అది కలిగించు అశాంతికి విరుగుడైన మందుతో కూడ ఇచ్చినచో, నూటికి 60 మందికి రెండు దినములు ఉపశమనము నిలిచినది. నల్లమందు జాతికి చెందిన హైడ్రోమార్ఫోన్‌తో 31 మందికే నిలిచినది. మెటోక్లోప్రమైడ్ కూడ ఇట్టి వాంతినిరోధకమే. సుమట్రిప్టాన్ ఇంజెక్షన్ గుణకారియే కాని హృద్రోగులకు నిషిద్ధము. కావున గుండెజబ్బున్నచో వైద్యునికి ముందే తెలుపవలెను.

మున్నెన్నడు ఎరుగని భయంకరమైన నొప్పి హఠాత్తుగా వచ్చినను, మాట తడబడినను, చేయి కాలు పడిపోయినను, జ్వరముతో మెడ బిగిసినను గృహవైద్యమునకై క్షణమైనను జాగు చేయరాదు.