రూపం మార్చుకోవాలనే తొందర – మనసు చెప్పే మాట



చక్కగా కనబడాలనే కోరిక అందరికీ ఉండేదే. పెండ్లి కుదిరితే ప్రొద్దుటూరు అంగళ్లకు పోయి బట్టలు, నగలు తెచ్చుకొంటాము. ఇందులో తప్పు లేదు. అయితే ఒక మనిషి ఉన్నట్టుండి తన రూపాన్ని పూర్తిగా మార్చుకొన్నా, మార్చుకోవాలని పట్టుబట్టినా, ఆ మనసులో ఏమున్నదో ఇంటివారు తెలుసుకోవాలి.

ప్రతి మార్పూ జబ్బు కాదు

మొక్కు తీర్చుకొని గుండు చేయించుకొంటారు. చదువుకో ఉద్యోగానికో ఊరు మారిన పిల్లలు జుట్టు, వేషం మారుస్తారు. "నాకు కొత్త బ్రతుకు మొదలైంది" అని నలుగురికీ చెప్పే పద్ధతి అది. కష్టకాలంలో ఏదీ తన చేతిలో లేదనిపించినప్పుడు, తన రూపమైనా తన చేతిలో ఉందన్న ఊరట కోసం కొందరు మార్చుకొంటారు.

ఎప్పుడు జబ్బు అవుతుంది?

కొందరు ఇతరులకు కనిపించని చిన్న లోపాన్ని పెద్దదిగా తలచి గంటల తరబడి కుమిలిపోతారు. మాటిమాటికీ అద్దం చూసుకోవడం, ఫోటోకు ముఖం చాటేయడం, కాలేజీ మానడం దీని గుర్తులు. డాక్టర్లు దీన్ని 'బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్' అంటారు. సుమారు నూటికి ఇద్దరిలో ఉంటుంది. ఎక్కువగా 18 ఏండ్లలోపే మొదలవుతుంది. మగపిల్లలకూ వస్తుంది. లోపం ముఖంలో లేదు, ఆ ముఖాన్ని మనసు చూసే తీరులో ఉంది. అందుకే ఆపరేషను చేయించుకొన్నా చాలామందికి తృప్తి కలగదు.

స్నానం, తల దువ్వుకోవడం మానేస్తే దిగులు జబ్బు కావచ్చు. నిద్ర లేకుండా అతిగా అలంకరించుకొంటూ డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తే అది వేరే మానసిక జబ్బుకు గుర్తు కావచ్చు. ముఖం ఉబ్బి, జుట్టు రాలుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

తొందర తెచ్చే ముప్పు

2016 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఒక యువకుడు ఎత్తు పెరగడానికి, ఇంట్లో చెప్పకుండా కాళ్ల ఆపరేషను చేయించుకొన్నాడు. ఈ పద్ధతిలో ఎముకను కోసి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీస్తారు. మూడు అంగుళాలకు రెండున్నర నెలలు పడుతుంది. ఎముక గట్టిపడడానికి మరికొన్ని నెలలు. అతనికి మానసిక జబ్బు ఉందని మేము అనడం లేదు. కన్నవారికి చెప్పుకోలేనంతగా ఒక కోరిక మనసులో పెరగగలదని గమనించమంటున్నాము.

రంగు తేలాలని బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్ క్రీములు పూసుకొనేవారూ ఉన్నారు. మొదట ముఖం తెల్లబడినట్టుంటుంది. తరువాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు వస్తాయి. మానితే మంట పుడుతుంది గనుక మళ్లీ పూస్తారు. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి క్రీములు అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. ఇప్పటికే వాడుతున్నవారు డాక్టరును అడిగి మానాలి.

ఇంటివారు చేయవలసినవి

1. "కర్రోడా", "పొట్టోడా" అని ముద్దుకైనా పిలవవద్దు. అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో పోల్చవద్దు.

2. "ఇదేం వేషం?" అని గద్దించకుండా, "ఈ మధ్య నీ మనసు ఎట్లుంది నాయనా?" అని నెమ్మదిగా అడగండి. చెప్పేదంతా వినండి.

3. ఆపరేషనుకు ఒప్పుకొనే ముందు మానసిక వైద్యునికి చూపించండి. మాటలతో చేసే చికిత్స, మందులు రెండూ మేలు చేస్తాయి.

4. చనిపోతానంటే ఒంటరిగా వదలవద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా, రాత్రయినా పగలయినా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. జమ్మలమడుగు, పులివెందుల పల్లెలవారు అంతదూరం పోలేమనుకొంటే ముందు దగ్గరి డాక్టరుకు చెప్పండి. జ్వరానికి చూపించుకొన్నట్టే దీనికీ చూపించుకోవచ్చు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.