ఈత పందెంలో పుట్టిన తేదీ

మానవుని సామర్థ్యాన్ని కొలవడానికి మనం ఏర్పరచుకున్న సాధనాలు పెక్కు గలవు. వాటిలో ఈత పందెపు గడియారం మిక్కిలి నిష్పక్షపాతమైనదని ప్రతీతి. జట్టుగా ఆడే ఆటలలో ఆటగాళ్ళను ఎంపిక చేసేవారి ఇష్టానిష్టాలకు కొంత చోటుంటుంది. ఈతకొలనులో అట్టి అవకాశం తక్కువ. ఈదేవాని చేయి గోడను తాకిన క్షణం సెకండులో నూరవ వంతు వరకు నమోదవుతుంది. ఇతడు ఎవరి బిడ్డ, ఏ ఊరివాడు అని గడియారం అడగదు. అయినప్పటికీ పిల్లల పోటీలలో ఆ గడియారం వెల్లడించేది సగం సత్యమేనని, బిడ్డ పుట్టిన తేదీకి కూడా ఆ ఫలితంలో భాగం ఉన్నదని పరిశోధనలు తెలుపుతున్నాయి. ఆ సంగతిని ఈ చిన్న వ్యాసంలో విద్యార్థుల ముందు, కళాశాల పెద్దల ముందు ఉంచదలచాము.

పుట్టిన తేదీ అనగానే కొందరికి గ్రహబలం, నక్షత్రబలం స్ఫురించవచ్చు. మేము చెప్పబోయే దానికి జాతకంతో సంబంధం లేదు. ఇది కేవలం లెక్కకు సంబంధించిన విషయం. పిల్లల పోటీలను వయస్సును బట్టి విభజిస్తారు. అందుకు ఒక దినాన్ని హద్దుగా నిర్ణయిస్తారు. దానిని వయోనిర్ణయ దినం అందాము. ఆ దినం జనవరి 1 అనుకొనండి. ఒకే సంవత్సరంలో జనవరి 2న పుట్టిన బాలుడు, డిసెంబరు 30న పుట్టిన బాలుడు ఒకే వర్గంలో నిలబడతారు. కాగితం మీద ఇద్దరూ సమవయస్కులే. నిజానికి వారి మధ్య దాదాపు 12 నెలల అంతరం ఉంది. 24 సంవత్సరాల యువకునికి ఒక సంవత్సరం తన ఆయుష్షులో 24వ వంతు మాత్రమే. 8 సంవత్సరాల బిడ్డకు అది 8వ వంతు. వయస్సు ఎంత తక్కువైతే ఈ అంతరం అంత పెద్దదన్నమాట. దీనినే శాస్త్రజ్ఞులు సాపేక్ష వయోప్రభావం అంటారు.

క్రీడలలో ఈ ప్రభావాన్ని తొలుత లోకానికి చూపిన వారిలో కెనడా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రోజర్ బార్న్‌స్లీ ముఖ్యుడు. ఆయన తన సహచరులతో కలిసి 1985లో ప్రకటించిన పరిశోధనలో, ఐస్ హాకీలో పైకి వచ్చిన ఆటగాళ్ళలో సంవత్సరారంభపు నెలలలో పుట్టినవారు ఎక్కువగా ఉన్నట్లు తేల్చాడు. అక్కడ వయోనిర్ణయ దినం జనవరి 1. జనవరికే ఏదో మహిమ ఉన్నదా అన్న సందేహానికి బెల్జియం దేశపు ఫుట్‌బాల్ సమాధానం చెప్పింది. 1997లో ఆ ఆటలో వయోనిర్ణయ దినాన్ని ఆగస్టు 1 నుండి జనవరి 1కి మార్చారు. అంతకు ముందు ఎంపికైన బాలురలో ఆగస్టు మొదలుగా పుట్టినవారి ఆధిక్యం ఉండేది. మార్పు తరువాత ఆ ఆధిక్యం జనవరి మొదలుగా పుట్టినవారికి సంక్రమించింది. పిల్లలు మారలేదు, వారి శక్తి మారలేదు. గీత మాత్రమే జరిగింది. సంవత్సరం ఉగాదితో మొదలైనా, మొహర్రంతో మొదలైనా, జనవరితో మొదలైనా, ఆ గీత మనుష్యులు గీసుకున్నదే గదా!

ఇక ఈత సంగతి. చెరువులోనో, బావిలోనో ఈత నేర్చిన ప్రతివానికీ నీరు ఎదురు నెట్టే బలం తెలుసు. ఆ బలాన్ని ఛేదించి ముందుకు సాగడానికి ఎత్తు, చేతుల పొడవు, అరచేతుల, పాదాల వైశాల్యం, భుజబలం ఎంతగానో తోడ్పడతాయి. ఇవన్నీ యౌవనారంభంలో వేగంగా పెరిగేవే. సాధారణంగా బాలికలు 12 ఏళ్ళ ప్రాయంలోను, బాలురు 14 ఏళ్ళ ప్రాయంలోను అత్యంత వేగంగా ఎత్తు పెరుగుతారు. ఆ దశలో కొన్ని నెలల తేడా కూడా శరీరంలో స్పష్టంగా కనబడుతుంది. నూరవ వంతు సెకండుతో గెలుపోటములు తేలే పందెంలో అది ఎంత పెద్ద తేడాయో చెప్పనక్కరలేదు.

ఈ విషయమై ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన గమనింపదగినది. స్టీఫెన్ కాబ్లీ, ఆయన సహచరులు 2000 నుండి 2014 వరకు జరిగిన జాతీయ వయోవర్గ ఈత పోటీలలో పాల్గొన్న 12 నుండి 18 సంవత్సరాల వారి వివరాలను పరిశీలించి, 2018లో ఫలితాలను ప్రకటించారు. 6014 మంది బాలబాలికలు ఆ లెక్కలోనికి వచ్చారు. ఒక్కొక్క వర్గాన్ని వయస్సును బట్టి నాలుగు త్రైమాసికాలుగా విభజించి చూడగా, 12 సంవత్సరాల వారిలో పెద్ద త్రైమాసికానికి చెందినవారు మిక్కిలి ఎక్కువగాను, చిన్న త్రైమాసికానికి చెందినవారు మిక్కిలి తక్కువగాను ఉన్నారు. వయస్సు పెరిగే కొద్దీ ఈ అసమానత క్రమంగా తగ్గింది. బాలికలలో ముందుగాను, బాలురలో కొంత ఆలస్యంగాను తగ్గింది. 17, 18 సంవత్సరాల వారి వద్దకు వచ్చేసరికి తక్కెడ తలక్రిందులై, చిన్న త్రైమాసికపు వారే ఎక్కువగా కనిపించారు!

ఈ చివరి ఫలితమే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. పెద్ద నెలల బిడ్డ 12వ ఏట గెలిచింది ఎక్కువగా శరీర బలంతో. తోటివారు ఎదిగి సమానమయ్యాక ఆ బలం వానికి ప్రత్యేకత కాదు. చిన్న నెలల బిడ్డ మాత్రం తనకంటె పెద్దవారితో పోటీపడుతూ నీటిలో చేతిని త్రిప్పే నేర్పును, ఓటమిని ఓర్చుకునే గుణాన్ని అలవరచుకొని ఉండవచ్చు. కారణం ఇదొక్కటే అని చెప్పలేము గాని, ఓపికతో నిలిచినవానికి కాలం తోడ్పడుతుందన్నది స్పష్టం.

అయితే ఎందరు నిలుస్తారు? అసలు బాధ ఇక్కడ ఉంది. 12వ ఏట గెలిచినవానికి మంచి శిక్షకుడు, ఎక్కువ సాధన, పెద్ద పోటీలు, పత్రికలో పేరు లభిస్తాయి. ఓడినవానికి "నీకు ఈత రాదు" అన్న మాట లభిస్తుంది. ఆ మాటను వాడు నమ్ముతాడు. కొన్నాళ్ళకు కొలను వద్దకు రావడం మానుకుంటాడు. ఆ విధంగా కేవలం కొన్ని నెలల తేడా ప్రతిభలో తేడాగా చలామణి అవుతుంది. మానుకొన్నవాని పేరు ఏ జాబితాలోను ఉండదు గనుక మనం పోగొట్టుకున్నది ఏమిటో మనకు తెలియనే తెలియదు.

ఇది బ్రహ్మవ్రాత కాదనడానికి ఆస్ట్రేలియాలోనే నిదర్శనం ఉంది. అక్కడి మేటి ఈతగాడు ఇయాన్ థార్ప్ 1982 అక్టోబరు 13న జన్మించాడు. జనవరి లెక్క ప్రకారం చివరి త్రైమాసికపు బిడ్డ. 1998 జనవరిలో పెర్త్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 15వ ఏటనే విజేత అయ్యాడు. లెక్కలు సమూహాన్ని గూర్చి చెబుతాయి గాని ఒక వ్యక్తి భవిష్యత్తును శాసించవు.

దీనికి పరిష్కారాలు లేకపోలేదు. కాబ్లీ బృందమే మరొక మార్గాన్ని పరీక్షించింది. ఒక్కొక్క వయస్సుకు సహజంగా ఎంత వేగం ఉంటుందో లెక్కగట్టి, బిడ్డ ఖచ్చితమైన వయస్సును బట్టి ఈత కాలాన్ని సవరించి చూడడం ఆ పద్ధతి. అట్లు సవరించినప్పుడు త్రైమాసికాల మధ్య అసమానత చాలవరకు తొలగింది. ఎంపికను కొంతకాలం వాయిదా వేయడం, పుట్టిన తేదీని కాక శారీరక పరిపక్వతను బట్టి వర్గాలు చేయడం మరికొన్ని మార్గాలు.

మన ప్రాంతంలో ఈ విషయానికి మరొక ముఖం ఉంది. జనన నమోదు అంతగా వ్యాపించని రోజులలో, బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన జూన్ 1, జూలై 1 తేదీలే జీవితాంతం నిలిచిపోయిన కుటుంబాలు మనలో ఎన్నో. అది తెలియక జరిగినది. పోటీల కొరకు తెలిసి తెలిసి వయస్సు తగ్గించి వ్రాయించడం వేరు. దీనిని అరికట్టడానికి కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ 2010లో జాతీయ నియమావళిని కూడా రూపొందించింది. ఒకే వర్గంలో కొన్ని నెలల తేడాయే ఇంత అన్యాయం చేయగా, దొంగ తేదీతో రెండేళ్ళు చిన్నవాడుగా నిలబడినవాడు తోటి బిడ్డ నోటి ముందరి ముద్దను లాగుకొన్నట్లే. పుట్టిన తేదీ వల్ల కలిగే నష్టానికి మందు తేదీని మార్చడం కాదు, మన చూపును మార్చడం.

కళాశాల పెద్దలకు మా మనవి ఒక్కటే. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో జట్ల ఎంపిక జరిగినప్పుడు వెనుకబడిన వారి పేర్లను కొట్టివేయక, మరొక సంవత్సరం సాధనకు రానివ్వండి. పేరు ప్రక్కన వయస్సును సంవత్సరాలలోనే గాక నెలలలో కూడా వ్రాయించండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

విద్యార్థి మిత్రులారా! మీలో గెలిచినవారు గర్వించక మునుపు మీ ప్రక్క వరుసలోని వాని వయస్సు ఎన్ని నెలలో అడిగి చూడండి. ఓడినవారు కొలనును విడిచిపెట్టక మునుపు మీ వయస్సును మీరే లెక్కించుకొనండి. గడియారం ఈనాటి శరీరాన్ని కొలుస్తుంది. రేపటి మనిషిని కొలిచే గడియారాన్ని ఇంకా ఎవరూ తయారు చేయలేదు.